రేవతి బిలం: ప్లూటో ఉపగ్రహం మీద మనకు తెలిసిన పేరు (తరచుగా అడిగే ప్రశ్నలు)

ప్లూటో చుట్టూ తిరిగే షారన్ అనే మంచు ఉపగ్రహం మీద ‘రేవతి’ అనే బిలం (రాయి వచ్చి గుద్దితే పడ్డ గుంట) ఉంది. మా కాలనీ పిల్లలకు గ్రహాల గురించి చెబుతూ ఒకసారి ఈ మాట అన్నాను. అప్పుడు మొదలైన ప్రశ్నలు ఇంకా ఆగలేదు. పిల్లలు అడిగినవి కొన్ని, వాళ్లను తీసుకొచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు అడిగినవి కొన్ని. పెద్దవాళ్ల ప్రశ్నలకే నేను ఎక్కువ తడుముకున్నాను. అన్నిటికీ జవాబులు ఒకచోట పెడుతున్నాను.

ఏ రేవతి? మన బలరాముడి భార్యేనా?

ఆవిడే. శశిరేఖ వాళ్లమ్మ అంటే ఇంట్లో అందరికీ టక్కున గుర్తొస్తుంది. అయితే బిలానికి ఆ పేరు రావడానికి కారణం పెళ్లి తర్వాతి కథ కాదు, పెళ్లికి ముందు జరిగిన కథ.

కుశస్థలిని ఏలే రాజు కకుద్మి. రైవతుడని కూడా అంటారు. కూతురు రేవతికి తగిన వరుడెవరో తేల్చుకోలేక, ఆమెను వెంటబెట్టుకుని నేరుగా బ్రహ్మలోకానికే వెళ్లాడు. అప్పుడు అక్కడ గంధర్వుల పాట నడుస్తోంది. మధ్యలో మాట్లాడితే బాగోదని ఆగాడు. పాట అయ్యాక దండం పెట్టి, తన మనసులో ఉన్న సంబంధాలు చెప్పి, వీళ్లలో ఎవరికిమ్మంటారని అడిగాడు. బ్రహ్మ నవ్వాడు. నువ్వు అనుకున్నవాళ్లు ఎప్పుడో పోయారు, వాళ్ల కొడుకులు, మనవలు, మునిమనవలు కూడా లేరు, చివరికి వాళ్ల గోత్రాలు కూడా ఎక్కడా వినబడటం లేదు అన్నాడు. వీళ్లు అక్కడ నిలబడిన ఆ కాసేపట్లో కింద 27 మహాయుగాలు గడిచిపోయాయట.

మహాయుగానికి 43,20,000 ఏళ్ల చొప్పున లెక్కేస్తే 11 కోట్ల 66 లక్షల 40 వేల ఏళ్లు. ఒక్క కచేరీకి!

ఇప్పుడు భూమ్మీద బలదేవుడున్నాడు, పిల్లను అతనికియ్యి అని బ్రహ్మే సంబంధం చెప్పి పంపాడు. కకుద్మి తిరిగొచ్చి చూస్తే తన ఊరు తన ఊరిలా లేదు. రేవతిని బలరాముడికిచ్చి పెళ్లి చేసి, తను బదరికాశ్రమానికి తపస్సుకు వెళ్లిపోయాడు. పాత యుగం మనిషి కాబట్టి రేవతి మరీ పొడుగ్గా ఉందని, బలరాముడు నాగలి కొనతో ఆమెను కిందికి వంచి తనకు సరిపడా ఎత్తుకు తెచ్చాడని విష్ణుపురాణం చెబుతుంది. ఈ ముక్క చెప్పగానే పిల్లలు పడీపడీ నవ్వారు. ఒక అమ్మాయి మాత్రం నవ్వలేదు. “ఆయనే పొడుగవ్వొచ్చుగా?” అంది. నా దగ్గర జవాబు లేదు.

షారన్ ఎంత పెద్దది? నిజంగా మంచేనా?

అడ్డంగా దాదాపు 1,212 కి.మీ. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి తిన్నగా గీత గీస్తే ఇంచుమించు అంత ఉంటుంది. చంద్రుడితో పోలిస్తే చిన్నదే, కానీ ప్లూటో (2,377 కి.మీ.) కూడా చిన్నదే కదా. తల్లి గ్రహంలో సగం వ్యాసం ఉన్న ఉపగ్రహం అన్నమాట. రెండిటి మధ్య దూరం సుమారు 19,600 కి.మీ. ఆరు రోజుల తొమ్మిది గంటలకు ఒక చుట్టు. రెండూ ఎప్పుడూ ఒకదానికొకటి ఒకే ముఖం చూపించుకుంటూ తిరుగుతాయి. అందుకే ప్లూటో మీద షారన్ కనిపించే వైపు నిలబడితే అది ఉదయించదు, అస్తమించదు. ఆకాశంలో మేకు కొట్టి తగిలించినట్టు ఒకేచోట ఉంటుంది.

పైనున్నది మామూలు నీటి మంచే, మన ఫ్రిజ్‌లో ఉండేదే. అక్కడక్కడా అమ్మోనియా జాడలు కూడా కనిపించాయి. కాకపోతే అక్కడి చలి సున్నాకు 200 డిగ్రీలకు పైగా దిగువన. ఆ చలిలో మంచు రాయిలా ప్రవర్తిస్తుంది. ఫ్రిజ్ మంచును ఊహించుకుంటే ఈ బిలాల సంగతి అర్థం కాదు, నల్లరాయిని ఊహించుకోండి.

షారనా? కేరనా? చారోనా?

మూడూ వింటుంటాం, తప్పుపట్టక్కర్లేదు. 1978 జూన్‌లో అమెరికా నౌకాదళ వేధశాలలో పనిచేసే జేమ్స్ క్రిస్టీ ప్లూటో ఫొటోలు చూస్తుంటే, ప్లూటో చుక్కకు ఓ పక్కన చిన్న బొడిపె కనిపించింది. అది కొన్ని ఫొటోల్లో ఒకవైపు, కొన్నింట్లో ఇంకోవైపు ఉంది. ఫొటో లోపం అయితే అలా క్రమం తప్పకుండా మారదు కదా. అలా దొరికింది ఈ ఉపగ్రహం.

క్రిస్టీ భార్య పేరు షార్లీన్. ముద్దుగా ‘షార్’. ఆమె పేరు కలిసొచ్చేలా దీన్ని షారన్ అందామనుకున్నాడు. తర్వాత చూస్తే గ్రీకు పురాణాల్లో కేరన్ అనే పడవవాడు ఉన్నాడు. చచ్చిపోయినవాళ్లను నది దాటించి పాతాళానికి చేర్చేవాడు. మన లెక్కలో వైతరణి దగ్గర రేవు నడిపేవాడనుకోండి. ప్లూటో అంటే పాతాళానికి రాజు కాబట్టి పేరు చక్కగా అతికింది. గ్రీకు చదివినవాళ్లు ‘కేరన్’ అంటారు, క్రిస్టీ మీద అభిమానం ఉన్నవాళ్లు ‘షారన్’ అంటారు. భార్య పేరును పురాణం చాటున పెట్టిన ఆ తెలివి నాకు నచ్చింది కాబట్టి నేను షారన్ అనే రాస్తున్నాను.

మంచు మీద బిలం ఎలా పడుతుంది?

వంటింట్లోనే చూడొచ్చు. లోతైన పళ్లెంలో బియ్యప్పిండి నాలుగు వేళ్ల మందాన పోసి, పైన పలచగా పసుపు చల్లండి. భుజమెత్తు నుంచి ఒక గోలీ వదలండి. గోలీ పడ్డచోట గుంట, గుంట చుట్టూ చిన్న గట్టు, గట్టు అవతల పసుపు మీద తెల్లటి చారలు. లోపలి పదార్థం ఎగిరి బయట పడటం వల్ల వచ్చినవి ఆ చారలు. షారన్ మీద కూడా కొన్ని బిలాల చుట్టూ ఇలాంటి చారలున్నాయి. కొన్ని తెల్లగా, కొన్ని ముదురుగా. కింద ఏముందో దాన్నిబట్టి రంగు. (పిండి మళ్లీ వాడుకోవచ్చని మా ఇంట్లో చెప్పి మాట పడ్డాను. పసుపు కలిసిన పిండితో అట్లు వేస్తే ఎలా ఉంటుందో మీ ఊహకే వదిలేస్తున్నా.)

అయితే గోలీ ప్రయోగానికి ఒక హద్దుంది. అసలు ఢీకొట్టుడులో వచ్చి పడ్డ రాయి గోలీలా గుంటలో కూర్చోదు, చాలావరకు ముక్కచెక్కలైపోతుంది. పడ్డ దెబ్బకు నేల కిందికి నొక్కుకుపోయి మళ్లీ పైకి తన్నుకొస్తుంది. అందుకే పెద్ద బిలాల మధ్యలో ఒక దిబ్బ మిగులుతుంది.

షారన్ ప్రత్యేకత ఇంకొకటి. సూర్యుడికి అంత దూరంలో అన్నీ నెమ్మదిగా తిరుగుతాయి కాబట్టి గుద్దుకునే వేగం కూడా తక్కువ. మన చంద్రుడి మీద రాళ్లు సెకనుకు ఇంచుమించు 20 కి.మీ. వేగంతో పడితే, షారన్ మీద సుమారు 2 కి.మీ. తక్కువంటే మరీ తక్కువనుకోకండి. తుపాకీ గుండుకు రెట్టింపు అది.

ఓ గుంటను చూసి ఏం తెలుసుకుంటారు?

ఒక్క గుంటను చూసి కొంతే. వేల గుంటలను లెక్కపెడితే చాలా. ఎక్కువ గుంటలున్న నేల పాతది, తక్కువున్నది కొత్తది. మన ఊళ్లో రోడ్డుకు ఇదే సూత్రం. షారన్ మీద ఈ లెక్క వేస్తే నేల వయసు దాదాపు 400 కోట్ల ఏళ్లని తేలింది.

అసలు ఆశ్చర్యం చిన్న బిలాల దగ్గర వచ్చింది. మామూలుగా పెద్ద బిలాలు కొన్ని ఉంటే చిన్నవి బోలెడు ఉండాలి, రాళ్లలో చిన్నవే ఎక్కువ కాబట్టి. షారన్ దక్షిణాన ఉన్న మైదానంలో 13 కి.మీ. కన్నా చిన్న బిలాలు అనుకున్నదానికంటే చాలా తక్కువ కనిపించాయి. శాస్త్రవేత్త కెల్సీ సింగర్, ఆమె బృందం 2019లో ఈ ఫలితం ప్రకటించారు. ఏదైనా వచ్చి చిన్నవాటిని కప్పేసిందా అని చూశారు. షారన్ మీద గాలి లేదు, వాన లేదు, ఆ మైదానం ఏర్పడ్డాక కప్పేసిన జాడా లేదు. అంటే షారన్ కూడా ఉన్న, నెప్ట్యూన్ అవతలి కైపర్ పట్టీలో కిలోమీటరు, రెండు కిలోమీటర్ల సైజు చిన్న శకలాలు మొదటినుంచీ తక్కువే అన్నమాట. దుర్భిణిలో కనపడనంత చిన్నవాటి లెక్క, అవి చెయ్యని గుంటల వల్ల తెలిసింది!

పేరు ఎవరు పెట్టారు? ఎప్పుడు?

నాసా పంపిన న్యూ హొరైజన్స్ అంతరిక్ష నౌక 2006 జనవరి 19న బయల్దేరి, తొమ్మిదిన్నరేళ్లు ప్రయాణించి, 2015 జులై 14న ప్లూటో, షారన్‌ల పక్కనుంచి దూసుకుపోయింది. షారన్‌కు దాదాపు 29 వేల కి.మీ. దూరంలోంచి ఫొటోలు తీసింది. అంతదాకా షారన్ మీద ఒక్క బిలం కూడా ఎవరూ చూడలేదు, కాబట్టి పేర్ల గొడవే లేదు.

నౌక చేరకముందే 2015లో ‘అవర్ ప్లూటో’ పేరుతో జనాన్ని పేర్లు సూచించమన్నారు. తర్వాత 2017లో అంతర్జాతీయ ఖగోళ సంఘం షారన్‌కు ఇతివృత్తాలు ఖాయం చేసింది: కథల్లో, పురాణాల్లో ప్రయాణాలు చేసినవాళ్లు, వాళ్ల ఓడలు, వాళ్లు చేరిన చోట్లు, అలాంటి కథలు సృష్టించిన రచయితలు, కళాకారులు. పడవవాడి పేరున్న ఉపగ్రహానికి ప్రయాణికుల పేర్లు. 2018 ఏప్రిల్‌లో మొదటి విడతగా ఓ డజను పేర్లకు ఆమోదముద్ర పడింది. అందులో రేవతి ఒకటి.

ఈలోగా శాస్త్రవేత్తలు తమలో తాము సినిమా పాత్రల పేర్లు పెట్టుకుని పిలుచుకున్నారు, వ్యాసాల్లో కూడా వాడేశారు. వాటిలో చాలావాటికి అధికారిక ముద్ర పడలేదు. ఇంట్లో చిన్నా, బుజ్జి అని పిలిచి బళ్లో అసలు పేరు రాయించినట్టే.

ఖగోళ సంఘం ప్రకటనలో రేవతి ‘మహాభారతంలో ముఖ్యపాత్ర’ అని రాశారట. నిజమేనా?

రాశారు. మన ఇళ్లలో ఎవరు విన్నా ముందు నవ్వేది ఇక్కడే. భారతంలో ముఖ్యపాత్రలు ఎవరని ఏడో తరగతి పిల్లాణ్ని అడిగినా పది పేర్లు చెబుతాడు, వాటిలో రేవతి ఉండదు. ఆమె భారతంలో బలరాముడి భార్యగా అలా కనిపించి వెళ్లిపోతుంది. బ్రహ్మలోక ప్రయాణం వివరంగా ఉన్నది భాగవతం నవమ స్కంధంలో, విష్ణుపురాణంలో, హరివంశంలో. పోతనగారి తెలుగు భాగవతంలోనూ ఈ కథ ఉంది. హరివంశాన్ని భారతానికి అనుబంధంగా కలుపుకుంటే ‘మహాభారతం’ అన్న మాట వరకు సర్దిచెప్పుకోవచ్చు. ‘ముఖ్యపాత్ర’ మాత్రం ఎలా సర్దినా కుదరదు.

ఒక్క వాక్యంలో ప్రపంచమంతటికీ అర్థమయ్యేలా రాయాలనుకునే చోట ఇలాంటి తొందరపాటు జరుగుతుంది. దానికోసం పేరు తప్పంటే నేను ఒప్పుకోను. పేరు బాగా కుదిరింది. కాలం దాటి తిరిగొచ్చిన ప్రయాణికురాలు, ప్రయాణికుల ఉపగ్రహం.

నిజానికి ప్రయాణం కట్టిందీ, పాట అయ్యేదాకా ఆగిందీ, ప్రశ్న అడిగిందీ తండ్రి. భాగవత కథలో రేవతి ఒక్క మాట కూడా మాట్లాడదు. పెళ్లి ఎవరితోనో తండ్రి, బ్రహ్మ మాట్లాడుకుంటారు, ఎత్తు ఎంత ఉండాలో మొగుడు చూసుకుంటాడు. పేరు పెట్టే వేళకు మాత్రం కకుద్మి పక్కకు పోయాడు, బిలం రేవతికి దక్కింది. ఎంచినవాళ్లు ఇంత ఆలోచించారో లేదో గానీ, నాకు మాత్రం లెక్క సరిపోయినట్టే ఉంది.

అంటే టైమ్ ట్రావెల్ మనవాళ్లే కనిపెట్టారన్నమాటేగా?

కథ కనిపెట్టారు. అది తక్కువ పనేం కాదు. చోటు మారితే కాలం నడక మారుతుందన్న ఊహ, తిరిగొచ్చేసరికి తనవాళ్లెవరూ లేరన్న దిగులు, రెండూ ఆ కథలో ఉన్నాయి. సాపేక్ష సిద్ధాంతం మాత్రం అందులో లేదు. కాలం ఎంత తేడాతో నడుస్తుందో లెక్కగట్టే సూత్రం, ఆ లెక్క తప్పో ఒప్పో తేల్చే గడియారం ఉంటేనే దాన్ని ఫిజిక్స్ అంటాం. కథను సైన్స్ అని పిలిచినంత మాత్రాన కథకు గౌరవం పెరగదు.

సరదాకి: సెకనుకు 14 కి.మీ. వేగంతో పోయిన న్యూ హొరైజన్స్ గడియారానికీ మన గడియారానికీ తొమ్మిదిన్నరేళ్లలో వచ్చే తేడా కొన్ని సెకన్లకు మించదు. రేవతి రికార్డుకు ఢోకా లేదు.

మతానికి సంబంధించిన పేర్లు పెట్టకూడదంటారు కదా?

రాజకీయ, సైనిక, మత ప్రాధాన్యం ఉన్న పేర్లు వద్దని నియమం ఉంది. కానీ పురాణ పాత్రల పేర్లు ఎప్పటినుంచో కొల్లలుగా వాడుతున్నారు. శుక్రగ్రహం మీద లక్ష్మి పేరుతో ఒక పెద్ద పీఠభూమే ఉంది. గీత ఎక్కడ గీస్తారన్నది కాస్త చర్చనీయాంశమే. మా తాతయ్యల బృందంలో ఒకాయన “పూజలందుకునేవాళ్లు వద్దు, కథల్లోవాళ్లు పర్లేదు అంటే సరిపోతుంది” అన్నారు. లక్ష్మీదేవి విషయంలో అది ఎలా కుదురుతుందని ఆయన భార్య వెంటనే పట్టుకున్నారు.

రేవతికి చుట్టుపక్కల ఎవరున్నారు?

ఇరుగుపొరుగు మంచివాళ్లే. నస్రెద్దీన్ బిలం ఉంది, మనం చిన్నప్పుడు చదువుకున్న గాడిద కథల ముల్లా నసీరుద్దీనే. సముద్రం అడుక్కి వెళ్లొచ్చిన రష్యా జానపద వీరుడు సాద్కో, పోలండ్ కథల పైలట్ పిర్క్స్ ఉన్నారు. షారన్ మీద తెలిసినవాటిలో అన్నిటికన్నా పెద్ద బిలం ఓజ్ దేశానికి ఎగిరిపోయిన పిల్ల డొరొతీది. ఇక నెమో. జూల్స్ వెర్న్ సృష్టించిన జలాంతర్గామి కెప్టెన్. ఆయన అసలు పేరు డక్కర్ అని, బుందేల్‌ఖండ్ రాజకుమారుడని వెర్నే తర్వాతి నవలలో బయటపెట్టాడు. కాబట్టి షారన్ మీద రేవతి ఒక్కతే భారతీయురాలు అనడానికి లేదు.

లోయలకు ఓడల పేర్లు పెట్టారు: గ్రీకుల ఆర్గో, ఈజిప్టు సూర్యదేవుడి మాంజెట్, చిలీ తీరంలో రాత్రిళ్లు తిరుగుతుందని చెప్పుకునే దెయ్యం ఓడ కలెవూచె. కొండల్లో ఒకటి శ్రీలంకలో స్థిరపడ్డ ఆర్థర్ క్లార్క్ పేరు మీద ఉంది.

మిగతా మంచు ఉపగ్రహాల మీద ఎలాంటి పేర్లున్నాయి?

ఒక్కోదానికి ఒక్కో కథల మూట. శని ఉపగ్రహం ఎన్సెలాడస్ మీద అరేబియన్ నైట్స్ పాత్రలు: అల్లావుద్దీన్, అలీబాబా, సింద్‌బాద్. టెథిస్ మీద ఒడిస్సీ పాత్రలు, అందుకే దాని పెద్ద బిలం ఒడిస్యూస్. గురుడి ఉపగ్రహం యూరోపా మీద కెల్టిక్ వీరులు, కాలిస్టో మీద ఉత్తర ఐరోపా పురాణాలు. మిమాస్ మీద ఆర్థర్ రాజు కథల పేర్లు ఉండాలి. కానీ దాని వ్యాసంలో మూడో వంతు వెడల్పున్న పెద్ద బిలానికి ఆ ఉపగ్రహాన్ని కనిపెట్టిన హెర్షెల్ పేరు పెట్టారు. మొదట కనిపెట్టినవాడికి ఆ మాత్రం మినహాయింపు ఉంటుంది.

తెలుగువాళ్లకు సంబంధించిన పేరు ఎక్కడైనా ఉందా?

ఉంది, మంచు ఉపగ్రహం మీద కాదు, నిప్పులు చెరిగే బుధుడి మీద. బుధగ్రహం బిలాలకు కవులు, సంగీతకారులు, చిత్రకారుల పేర్లు పెడతారు. అక్కడ త్యాగరాజు పేరున్న బిలం ఉంది. తంజావూరు సీమలో ఉండి తెలుగులో పాడిన త్యాగయ్యే. వాల్మీకి, వ్యాసుడు, కాళిదాసు, తాన్‌సేన్ కూడా అదే గ్రహం మీద ఉన్నారు. త్యాగరాజు బిలం అడుగున చిన్నచిన్న మెరిసే పల్లాలున్నాయి. నేలలోని ఏదో పదార్థం ఆవిరై పోవడం వల్ల అవి ఏర్పడ్డాయని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

మా అమ్మాయిది రేవతి నక్షత్రం. దీనికీ దానికీ సంబంధం ఉందా?

లేదండీ. రేవతి నక్షత్రం మీనరాశిలోది, 27 నక్షత్రాల్లో చివరిది. బిలం పేరు రాజకుమారిది. 27 మహాయుగాలు, 27వ నక్షత్రం అని కలిపి చూడాలనిపిస్తుంది, నాకూ అనిపించింది. అంతకుమించి అందులో ఏమీ లేదు. జాతకానికి షారన్ అడ్డు రాదు, టెన్షన్ పడకండి.

మా తాతగారి పేరు ఏదైనా బిలానికి పెట్టించొచ్చా? డబ్బు కడతాం.

డబ్బుతో కుదరదు. అంతర్జాతీయ ఖగోళ సంఘం పేర్లు అమ్మదు. నక్షత్రానికి మీ పేరు పెడతాం అని ఫ్రేమ్ కట్టిన సర్టిఫికెట్ పంపేవాళ్లున్నారు, గోడకు అందంగా ఉంటుంది, అంతవరకే. పేర్లు సాధారణంగా ఆ నేలను పరిశోధించే శాస్త్రవేత్తల నుంచి వెళ్తాయి. ఆ గ్రహానికి ఖాయం చేసిన ఇతివృత్తంలో ఇమడాలి, శాస్త్ర అవసరం ఉండాలి. బతికున్నవాళ్ల పేర్లు తీసుకోరు. అన్నీ దాటితే అమెరికా భూగర్భ సర్వే వాళ్లు నడిపే అధికారిక పట్టికలో ఎక్కుతుంది. ఆ పట్టిక ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితం, రేవతిని వెతికి చూసుకోవచ్చు.

మా టెలిస్కోప్‌లో కనిపిస్తుందా?

బిలం కాదు కదా, షారన్ కూడా విడిగా కనిపించదు. అది ప్లూటోకు ఎంత దగ్గరగా ఉంటుందంటే కొండల మీది పెద్ద దుర్భిణులు కూడా కష్టపడి విడదీస్తాయి. 2015 ఫొటోలే మనకు గతి. ఆ ఫొటోలు కూడా ఒక్కసారిగా రాలేదు. సిగ్నల్ రావడానికే నాలుగున్నర గంటలు. సెకనుకు ఒకటి రెండు కిలోబిట్ల వేగం, పాత ఫోన్ నెట్ కూడా దానికి నయం. మొత్తం సమాచారం దించుకునేసరికి 2016 అక్టోబర్ అయ్యింది.

షారన్ మొత్తం చూసేసినట్టేనా?

లేదు. నౌక దగ్గరగా ఉన్నది కొన్ని గంటలే. షారన్ ఒక చుట్టు తిరగడానికి ఆరు రోజులు పైగా పడుతుంది. అందుకని ఒక వైపే స్పష్టంగా దొరికింది, రెండోవైపు చాలా దూరం నుంచి తీసిన మసక ఫొటోలున్నాయి. ఇప్పుడు అటువైపు దారిలో ఏ నౌకా లేదు. ఆ మసక సగంలో ఉన్న గుంటలన్నిటికీ ఇంకా పేర్లు పెట్టాలి. మా అమ్మమ్మల బృందం అప్పుడే కకుద్మి పేరు రాసి పెట్టుకుంది.